ఈ దేహ మెవరిది?

ధర్మసాధనములలో శరీరమే మొదటిదని పెద్దలు చెప్పుదురు. స్నానము, సంధ్య, అర్చనము, తీర్థయాత్ర, అతిథిసేవ ఇవి యన్నియు దేహము నిలిచియున్నప్పుడే సాగును. కావున దేహమును కాపాడుకొనుట గృహస్థునకు విధి. దానిని చేతులార పాడుచేసికొనుట దోషము. ఆ పెద్దలే దధీచి మహర్షి తన యెముకలను దేవతల కిచ్చెననియు, శిబిచక్రవర్తి పావురమును కాచుటకై తన మాంసమును కోసి త్రాసునం దుంచెననియు చెప్పి, వారిని ప్రాతఃస్మరణీయులుగా కీర్తించిరి. దేహమును కాపాడుకొమ్మన్న శాస్త్రమే దేహము నిచ్చినవానిని పొగడుచున్నది. ఈ రెండు మాటలకు పొందిక యెట్లు కుదురును?

ఒకప్పు డిది పురాణశ్రవణవేళ కలుగు సందేహము మాత్రమే. నే డిది గృహస్థుల వాకిట నిలిచిన ప్రశ్న. ఒక యింట కుమారునకు మూత్రపిండములు రెండును చెడిపోవును. వారమునకు రెండు మూడు మారులు యంత్రముచే రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, చేయించుకొనుచు బ్రతుకు నీడ్చుచుండును. "నా కిడ్నీ యిత్తును" అని తల్లి ముందునకు వచ్చును. "దేవు డిచ్చిన దేహమును కోయించుకొనవచ్చునా తల్లీ?" అని తాతగా రడుగుదురు. కోడలు గోడ కానుకొని మౌనముగా నిలిచియుండును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండవ్యాధి పల్లెలను పట్టి పీడించుట తెలుగువారందఱు నెఱిగినదే. అట్టి యిండ్లలో ఈ ప్రశ్న వాదవినోదమునకై పుట్టినది కాదు. ఒక ప్రాణమును ముందుంచుకొని యడుగునది. కావున దీనిని నిదానముగా విచారింపవలెను.

వెన్నెముక కిరుప్రక్కల చిక్కుడుగింజ రూపమున, పిడికిలంత పరిమాణమున నుండు మూత్రపిండముల పని మిక్కిలి గొప్పది. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత నాళములు గలవు. రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందులో దాదాపు అంతయు మరల దేహమునకే యప్పగించి, లీటరున్నర మాత్రము మూత్రముగా వెలికి పంపును. ఇట్టివి రెండుండగా ఒకదానితో మనుష్యుడు బ్రతుకగలడా యను విషయము 19వ శతాబ్దమున చాలకాలము వఱకు వైద్యులకు నిశ్చయముగా తెలియదు. 1869లో జర్మనీ దేశమున హైడెల్‌బర్గు నగరమందు గుస్తావ్ సైమన్ అను శస్త్రవైద్యుడు, ముందుగా కుక్కలపై పరీక్షించి చూచి, పిమ్మట ఒక స్త్రీకి ఒక మూత్రపిండమును తొలగించెను. ఆమె కోలుకొనెను. అటు తరువాత రాళ్లచేతను, క్షయచేతను, కణితులచేతను చెడిన మూత్రపిండమును తీసివేయుట, మిగిలిన యొక్కదానితో రోగులు ఏండ్ల తరబడి బ్రతుకుట లోకమునకు పరిచయమయ్యెను. ఒకటి చాలునని యెఱిగిన పిదపనే, రెండవదానిని మఱియొకరి కీయవచ్చునా యను ప్రశ్న పుట్టుటకు తావు కలిగినది. రోగులు పోగొట్టుకొనినదానినుండి లోకము నేర్చుకొన్న పాఠమిది.

ఐనను ఈయగోరినంతనే ఇచ్చుట సాధ్యము కాలేదు. 1952వ సంవత్సరము డిసెంబరు మాసమున పారిస్ నగరములో 16 ఏండ్ల బాలు డొకడు ఎత్తునుండి పడి మూత్రపిండము చితుకగా వైద్యులు దానిని తీసివేసిరి. అతనికి పుట్టుకతో నున్నది ఆ యొక్కటియే యని తరువాత తెలిసెను. కన్నతల్లి తన మూత్రపిండము నిచ్చెను. అది మూడు వారములపాటు చక్కగా పనిచేసెను. ఆపైన బాలుని దేహము దానిని త్రోసిపుచ్చెను, బాలుడు మరణించెను. తొమ్మిది మాసములు మోసి కన్న తల్లి యిచ్చినదానిని, ఆ తల్లి రక్తమున పుట్టిన దేహమే పరాయిదని యెంచెను. ప్రేమకు లేని యెల్ల దేహమునకు గలదని ఆనాడు తేటపడినది.

రెండేండ్లకు, 1954 డిసెంబరు 23వ తేదీన, అమెరికాలోని బోస్టన్ నగరమున పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రియందు ఈ ప్రయత్నము ఫలించెను. రిచర్డ్ హెరిక్, రోనాల్డ్ హెరిక్ అనువారు 23 ఏండ్ల వయస్సుగల కవల సోదరులు. రిచర్డునకు మూత్రపిండములు చెడిపోయెను. ఇరువురును ఒకే పిండమునుండి పుట్టిన కవలలగునా యని వైద్యులు ఒకరి చర్మపు తునకను మఱియొకరికి అతికించి పరీక్షించిరి. పోలీసు ఠాణాలో వ్రేలిముద్రలను సయితము పోల్చి చూచిరి. పిదప రోనాల్డు మూత్రపిండమును రిచర్డునకు అమర్చిరి. రిచర్డు కోలుకొని, తనకు శుశ్రూష చేసిన నర్సును వివాహమాడి, సంతానమును గని, ఎనిమిదేండ్లు జీవించి 1963లో కాలధర్మము నొందెను. ఇచ్చిన రోనాల్డు ఉపాధ్యాయవృత్తి నెరపి, 2010 వఱకు, 79 ఏండ్లు బ్రతికెను. రిచర్డునకు మూత్రపిండమును అమర్చిన జోసెఫ్ మరేకు 1990లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ కథలో లోకము మరే పేరునే యెక్కువగా స్మరించును. కాని ధర్మవిచారము చేయువారు స్మరింపవలసిన పేరు మఱియొకటి గలదు. మూత్రవ్యవస్థకు శస్త్రచికిత్స చేయుటయే వృత్తిగాగల హార్ట్‌వెల్ హారిసన్ అను వైద్యుడు ప్రక్కగదిలో రోనాల్డు దేహమును కోసి మూత్రపిండమును వెలికి తీసెను. మరే కోసినది రోగిని. హారిసన్ కోసినది ఏ రోగమును లేని యువకుని. కోతవలన ఆ యువకుని దేహమునకు కలుగు మేలు ఏమియు లేదు. కలిగినచో కీడే కలుగవలెను. వైద్యుని మొదటి వ్రతము కీడు చేయకుండుట. ఆ వ్రతమును ఎదుట నుంచుకొని ఆరోగ్యవంతునిపై కత్తి నెట్లు పెట్టవచ్చును? ఈ సంశయము తీరుటకై ఆ వైద్యులు పలు మతముల గురువులతోను న్యాయవేత్తలతోను సంప్రదించిరి.

మన సుశ్రుతాచార్యుడు చికిత్సాస్థానమున అశ్మరిని, అనగా మూత్రాశయములోని రాతిని, కోసి తీయు విధానమును చెప్పుచు ఇట్టి సంశయమునే స్పృశించెను. కోయనిచో మరణము నిశ్చితము, కోసినచో సందేహము. కావున అధికారము గలవాని యనుమతి నంది మంచి బుద్ధితో చేయవలెనని యాతని నిర్ణయము. ఎంతటి వివేకము గల మాట! కాని యా నిర్ణయము రోగికి మాత్రమే సరిపోవును. దాతకు కోయనిచో మరణము లేదు. అతనికి అంతయు సందేహపక్షముననే యున్నది. అరుదుగా నైనను శస్త్రచికిత్సలో ప్రాణాపాయము గలదు; తరువాతి కాలమున రక్తపుపోటు మొదలగు చిక్కులును కలుగవచ్చును. కావున దాత విషయమున ధర్మమును వైద్యగ్రంథముననే కాక, దానప్రకరణమునను వెదకవలెను.

శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమున దధీచి కథ యున్నది. దేవతలు వచ్చి యెముకల నడుగగా ఋషి వెంటనే ఔననలేదు. ప్రాణులకు దేహముకంటె ప్రియమైనది లేదనియు, స్వయముగా విష్ణువే వచ్చి యాచించినను దాని నెవ డీయగలడనియు పలికెను. దేవతలు సిగ్గుపడిరి. అడుగువాడు తన యక్కఱయే చూచుకొని యెదుటివాని కష్టము నెఱుగడని వారే యొప్పుకొనిరి. అప్పుడు ఋషి నవ్వి, ధర్మమును మీ నోట వినుటకే అట్లంటిననుచు దేహము నిచ్చెను. ఈ కథను వినువారు దధీచి యిచ్చుటను మాత్రమే జ్ఞాపకముంచుకొందురు. అతడు ముందు కాదన్నట్లు పలుకుటలోని ధర్మసూక్ష్మమును మఱతురు. దేహమును అడుగుట చిన్న యడుగుట కాదు. కాదనుటకు దారి యున్నచోట ఔననినప్పుడే అది దానము.

బోస్టనులోను ఇట్టిదే జరిగినది. శస్త్రచికిత్సకు ముందు రోనాల్డు వైద్యులను ఒక మాట యడిగెను: ఇకమీదట జీవితాంతము నా ఆరోగ్యమునకు ఆస్పత్రి బాధ్యత వహించునా? హారిసన్ వహింపదని యుత్తరమిచ్చెను. వెంటనే, నీకు సహాయము కావలసివచ్చినచో ఈ గదిలోని వారిలో ఎవడైనను కాదనునని తలంతువా యని మరల ప్రశ్నించెను. రోనాల్డునకు అర్థమయ్యెను. తన భవిష్యత్తు వ్రాతపత్రముపై గాక మనుష్యుల ధర్మబుద్ధిపై నిలిచియున్నదని గ్రహించి సమ్మతించెను. శస్త్రచికిత్సకు ముందటి రాత్రి రోగి యైన సోదరుడు ఇంటికి వెడలి పొమ్మని అతనికి చీటి పంపెను. ఉండియే తీరుదునని యితడు బదులు వ్రాసెను. పుచ్చుకొనువాడు వద్దనుట, ఇచ్చువాడు మానననుట: దానమున కింతకంటె శుద్ధమైన రూపము వేఱొకటి లేదు.

కొలది కాలమునకే వయస్సు నిండని కవలల విషయమున అట్టి శస్త్రచికిత్స కనుమతి కోరగా 1957లో ఆ రాష్ట్రపు న్యాయస్థానము ఒక విశేషమైన తీర్పు చెప్పెను. సోదరుడు మరణించినచో బ్రతికియున్న కవలకు కలుగు దుఃఖము గొప్ప కీడు గనుక, ఇచ్చుట యిచ్చువానికిని మేలే యని దాని సారాంశము. పరోపకారమునందు పరుని మేలు, తన మేలు వేఱుకావని మన పెద్దలు చెప్పినమాట ఆ న్యాయపీఠమునకు మఱియొక త్రోవలో స్ఫురించినది.

ఇక పారిస్ బాలుని దేహము తల్లి దానిని త్రోసిపుచ్చుట విచారింతము. మన దేహమున "ఇది నాది, ఇది నాది కాదు" అని యేర్పరచు శక్తి యొకటి గలదు. క్రిమి ప్రవేశించినను, ఒకరి మాంసఖండము ప్రవేశించినను అది గుర్తించి యుద్ధము చేయును. ఈ రహస్యమును శోధించిన పీటర్ మెడవార్ అను ఆంగ్లశాస్త్రజ్ఞునకు 1960లో నోబెల్ బహుమానము లభించెను. ఆ శక్తిని మెత్తబఱచు అజాథియోప్రిన్ మొదలగు ఔషధములు వచ్చిన పిదప 1962లో మృతుని మూత్రపిండము సయితము నిలిచెను. 1970ల చివర సైక్లోస్పోరిన్ వచ్చిన పిమ్మట ఈ చికిత్స దేశదేశముల వ్యాపించెను. మనదేశమున 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు ఇది సఫలమయ్యెను.

కాని యా శక్తిని మిక్కిలి యణచినచో వేఱొక యాపద పుట్టును. తన దేహములో దారి తప్పిన కణములను గుర్తించి తొలగించు పనియు ఆ శక్తిదే. కావుననే ఈ ఔషధములను సేవించువారికి కొన్ని విధముల కణితులు ఇతరులకంటె నెక్కువగా కలుగుచున్నవి. 1960లలో కణితిరోగము గల దాతలనుండి తీసిన మూత్రపిండములతోపాటు ఆ కణములును వచ్చి, పుచ్చుకొన్నవారి దేహమున పెరిగిన సందర్భములు కలవు. అట్టివారిలో కొందఱికి ఔషధమును ఆపినంతనే దేహము మేల్కొని, వచ్చిన మూత్రపిండమును, దానితోడి కణితిని గూడ త్రోసివేసెను. అందుచేతనే నేడు దాతకు కణితిరోగము లేదని పరీక్షించిన పిదపనే వైద్యులు ముందునకు సాగుదురు.

ఇందొక యుపమానము దాగియున్నది. మమకారము పూర్తిగా విజృంభించినచో ఇంటికి వచ్చిన ప్రాణదాతను చంపును. పూర్తిగా నశించినచో ఇంటిదొంగను పెంచును. దానిని హద్దులో నుంచుటయే చికిత్స. దేహమున కేది చికిత్సయో దేహికిని అదియే ధర్మము. దేహము నాదే యని పట్టుకొని యెవరి కేమియు నీయనివాడు ఒక కొన. దేహము లెక్క యేమని పాడుచేసికొనువాడు మఱియొక కొన. రెండింటి నడుమ నున్నది ధర్మమార్గము.

ఆ మార్గమునకు శ్రీవైష్ణవసిద్ధాంతము చక్కని యాధారమును చూపుచున్నది. చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరమనియు, ఆయన శేషి, జీవుడు శేషభూతు డనియు భగవద్రామానుజులు బోధించిరి. అట్లైనచో ఈ దేహము జీవుని సొంత సొత్తు కాదు. స్వామి యప్పగించిన సొత్తు. భాండాగారమును కాచువాడు దానిని దుబారా చేయరాదు. అందుచే దేహరక్షణము విధి యైనది. స్వామి కార్యము వచ్చినప్పుడు ఈయననియు అనరాదు. అందుచే దధీచి స్తుత్యుడైనాడు. ఆర్తుని యందు అంతర్యామియై యున్నవాడును ఆ స్వామియే కదా! మొదట పొసగనట్లు తోచిన రెండు శాస్త్రవాక్యములు ఈ యొక్క భావమున కలిసిపోవుచున్నవి.

ఐనను ఇచ్చట నొక ప్రమాదము పొంచియున్నది. "దేహము భగవంతునిది, కావున నీ వీయవలసినదే" అని యితరులను నిర్బంధించుటకు ఈ మాటనే సాధనముగా చేసికొనవచ్చును. అది తగదు. "న మమ" అని యెవడైనను తన దేహమును గూర్చియే చెప్పవలెను. "ఇది నీది కాదు" అని యెదుటివాని దేహమును గూర్చి చెప్పుట ధర్మము కాదు, దౌర్జన్యము. ఒకరి భాండాగారపు తాళము వేఱొకరి చేతి కీయబడలేదు. కూరత్తాళ్వాను చరిత్రము దీనికి నిదర్శనము. చోళరాజు ఉడయవరులను పిలువనంపగా, కూరత్తాళ్వాను ఆచార్యుని కాషాయమును తాను ధరించి రాజసభకు పోయి, తుదకు కన్నులు కోల్పోయెను. ఆచార్యుడు ఆయనను పొమ్మనలేదు. ఆయన తానై పోయెను. అందుచేతనే ఆ కన్నులు దానమైనవి.

ఈ మాట నొక్కి చెప్పుటకు కారణము గలదు. మనదేశమున బ్రతికియుండి మూత్రపిండ మిచ్చువారిలో స్త్రీలే యధికులు. పుచ్చుకొనువారిలో పురుషులే యధికులు. ఇందు తల్లుల వాత్సల్యమును భార్యల యనురాగమును కొంతమాత్రమే కారణము. ఇంటిలో కాదనుటకు ఎవరికి నోరు లేదో వారిచేతనే ఔననిపించుటయు కొంత కారణమై యుండుననుట కాదనలేనిది. గీతాచార్యుడు దానమును మూడు విధములుగా విభజించెను గదా. ఈయవలసినదను బుద్ధితో ప్రతిఫలము కోరక పాత్రున కిచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమును గోరియో మనస్సునకు కష్టముగానో ఇచ్చునది రాజసము. కంట నీరు దాచుకొని, అత్తమామలకు జంకి ఇచ్చిన కోడలి మూత్రపిండము ఆమె భర్తను బ్రతికించును, నిజమే. కాని యా యింటివారు పుచ్చుకొన్నది దానము కాదు, బలిమిని తీసికొన్న పన్ను.

విక్రయమును గూర్చి పెక్కుమాట లక్కఱలేదు. అన్నమును, వేదమును అమ్ముటయే దోషమన్న పెద్దలు దేహాంగమును అమ్ముట నేమందురో ఊహింపవచ్చును. అప్పులబాధచే అమ్మువానికంటె, ఆ బాధను చూచి కొనువాని దోషమే యెక్కువ. మన పార్లమెంటు 1994లో చేసిన శాసనము ప్రకారము అవయవములను కొనుట, అమ్ముట నేరము. దగ్గఱి బంధువులు కానివారు ఇచ్చుటకు ప్రత్యేకసంఘము వారి యనుమతి కావలెను.

ఆ శాసనమే మెదడుకాండము పూర్తిగా మరణించినవారి యవయవములను బంధువుల యంగీకారముతో తీసికొనుటకును వీలు కల్పించినది. అట్టి యొక్కరి మూత్రపిండములచే ఇరువురు బ్రతుకవచ్చును. దీనిపై మనవారికి గల సంకోచము రెండు విధములు. అంత్యేష్టికి లోపము కలుగునేమో యని యొకటి. తీసిన పిదప దేహమును బంధువులకే యప్పగింతురు. సంస్కారము యథావిధిగా జరుపుకొనవచ్చును. ఇచ్చిన యవయవము లేకుండ మఱుజన్మము కలుగునేమో యని రెండవది. అగ్నిహోత్రుడు అన్ని యవయవములను భస్మము చేయుచున్నాడు. భస్మమైన యవయవములు మఱుజన్మమున కొఱవడనప్పుడు, ఒక ప్రాణిని నిలిపిన యవయవ మొక్కటియే యేల కొఱవడును? జీర్ణవస్త్రమును విడిచి నూతనవస్త్రమును ధరించువానికి, విడిచిన వస్త్రములోని పీలిక నొకరి గాయమునకు కట్టినంతమాత్రమున క్రొత్తవస్త్రము చినిగియుండదు గదా!

ఇప్పుడు మొదటి యింటికి మరలి పోవుదము. తాతగారి ప్రశ్న తప్పు కాదు. దేహము దేవు డిచ్చినదే. అందుచేతనే దానిని నిర్లక్ష్యముగా కోయింపరాదు, అపాయములన్నియు తెలిసికొనవలెను, సరియైన పరీక్షలు కావలెను. తల్లి మాటయు తప్పు కాదు. దేహము దేవుడిచ్చినదే; అందుచేతనే ఆయన బిడ్డ యొకడు ఆర్తుడై యున్నప్పుడు అందు సగము పంచియీయవచ్చును. ఇచ్చినచో ఆమె దధీచి త్రోవను నడచినది. ఈయజాలనన్నచో ఆమెకు పాపము లేదు. ఆమెను తల్లికాదనుటకు ఎవరికిని అధికారము లేదు. పుచ్చుకొన్న కుమారునకును ఒక విధి గలదు. తనలో నున్నది తనది కాదని యెఱిగి, ఔషధమును తప్పక, వ్యసనములను విడిచి, దానిని స్వామి నిక్షేపమువలె కాపాడవలెను. ఇచ్చిన తల్లికి జ్వరము వచ్చిననాడు మొదట పరుగెత్తవలసినవాడు అతడే. హారిసన్ రోనాల్డు నడిగిన ప్రశ్నకు అతని బ్రతుకే యుత్తరము కావలెను.

ఇక మిగిలినది గోడ కానుకొని నిలిచిన కోడలు. ధర్మమెఱిగిన పెద్దలు ఆ యింట నున్నచో మొదట చేయవలసిన పని యొకటి గలదు. ఆమెను ప్రక్కకు పిలిచి, "అమ్మా, నీ మనస్సున నేమున్నదో చెప్పుము. నీవు కాదన్నను ఈ యింట నీ గౌరవమునకు కొఱత రానీయము" అని యభయ మీయవలెను. ఆ యభయము దొరికిన పిమ్మట ఆమె ఔననినను, కాదనినను అది ధర్మమే యగును. ఆ యభయము దొరకనియింట ఎంతటి శస్త్రవైద్యుడు వచ్చి యెంతటి ప్రాణమును నిలిపినను, ధర్మము మాత్రము గడప వెలుపలనే నిలిచిపోవును.